నర్సింహ వదిలిన మూడడుగులు

హఫీజ్‌పేట్ స్టేషన్ సందులో ఇంటి ప్లాన్లు గీసే నర్సింహను కదిలిస్తే చాలు, రాయదుర్గంలో ఆ అద్దాల టవర్లు పక్కకు ఒరగకుండా నిలబడ్డది తను ఫోన్లో చెప్పిన ఒక్క మాట వల్లేనని ఒప్పించి పంపిస్తాడు. డిప్లొమా మధ్యలో అతను కాలేజీని వదిలేశాడా, కాలేజీయే అతన్ని వదిలించుకుందా అన్నది అతను చెప్పే రోజును బట్టి మారుతుంది. సంతకం లైసెన్సున్న ఇంజనీరుది, గీత మాత్రం నర్సింహది. ఆ గీతకు మున్సిపల్ ఆఫీసులో అడ్డు చెప్పిన మొనగాడు ఇంకా పుట్టలేదని అతని ధీమా.

గీత గొప్పదే మరి. అతని కాగితం మీద ఇంటి చుట్టూ ఏనుగు ప్రదక్షిణ చేయొచ్చు. ఇల్లు కట్టాక పిల్లి కూడా ఊపిరి బిగబట్టి దూరాలి. మేకపిల్ల తిరగని జాగాలో రెండు కార్లు నిలబెట్టి అనుమతి తెచ్చిన ఘనుడు. వచ్చిన ప్రతివాడినీ కూర్చోబెట్టి చెప్పేవాడు: "పర్మిషన్‌కు ఒక బొమ్మ, మేస్త్రీకి ఒక బొమ్మ. ఇగ నీకు ఫికర్ లేదు పో."

అలాంటి మనిషి జీవితంలో ఒక్కసారి, ఒకే బొమ్మతో ఇల్లు కట్టాడు. అది తన సొంత ఇల్లు. కారణం భార్య లచ్చమ్మ. ఆమె ఐటీ కంపెనీ క్యాంటీన్లో వంట చేస్తుంది. ఆ వంటగది బేస్‌మెంట్లో ఉంటుంది. ఇంటికొస్తే కిరాయి గదిలో పొయ్యి ముందు గోడ. ఆమె ముక్కుకు సగం వయసు పోపు పొగలోనే గడిచిపోయింది.

"నాకు హాలొద్దు, బాల్కనీ వద్దు. పొయ్యి ముందర కిటికీ గావాలె. గాలి రావాలె, మనుషులు గనబడాలె," అంది.

లింగంపల్లి అవతల రాళ్లూ తుప్పలూ తప్ప ఏమీ లేని కాలంలోనే నర్సింహ, సెంట్రింగ్ మేస్త్రీ మహేశ్ పక్కపక్కన ప్లాట్లు కొనుక్కున్నారు. ఇద్దరిదీ పాలమూరే. పెళ్లి కాకముందు మహేశ్ తిన్న అన్నంలో సగం లచ్చమ్మ వండిందే. అందుకే నర్సింహ రెండిళ్ల ప్లాన్లూ ఒకేసారి గీశాడు. మధ్యన తను మూడడుగులు, మహేశ్ మూడడుగులు వదిలేట్టు పెట్టి, ఆ వైపే వంటింటి కిటికీ గీశాడు. పునాదికి ముగ్గు పోసే రోజు టేపు రెండో కొస పట్టుకుంది మహేశే.

"ముందు మీరే కట్టుకోండన్నా. వదిన మస్తు కష్టపడ్డది," అన్నాడు కూడా.

ఇల్లు పూర్తయ్యాక ఆ ఎండాకాలమంతా లచ్చమ్మ కిటికీ ముందు నిలబడి వండింది. చారు వాసన వీధి చివరిదాకా పోయి బస్సులు ఆపేదని నర్సింహ చెప్పుకునేవాడు.

వానలు తగ్గాక మహేశ్ పని మొదలుపెట్టాడు. సరిహద్దు మీదే గుంతలు పడ్డాయి, చువ్వలు లేచాయి. "ప్రహరీ గోడ," అన్నాడు నర్సింహ భార్యతో. ఊళ్లో అందరి గీతల మీదా అనుమానముండే మనిషికి తన గీత మీద మాత్రం అంత నమ్మకం. ఒకనాడు లచ్చమ్మ దుకాణానికి ఫోన్ చేసింది. "నీ ప్రహరీ నా కిటికీ దాటి పోతున్నది."

నర్సింహ బండి వేసుకొచ్చేసరికి ఇటుక కిటికీ మీది లింటెల్ దాకా లేచింది.

"ఏంది మహేశా ఇది?"

"గోడ అన్నా."

"గోడ అని నాకు గూడ కనబడుతుంది. మూడడుగులు ఇడిసినం గద."

"ప్లాన్ల ఇడిసినం. పర్మిషన్‌కు ఒక బొమ్మ, మేస్త్రీకి ఒక బొమ్మ అని ఊరందరికీ నేర్పింది నువ్వే గదన్నా. నా ఇల్లొక్కటే చిన్నగ గావాల్నా?"

"గది బయటోళ్లకు చెప్పిన మాట."

అప్పుడు నర్సింహకు అసలు ప్రశ్న తట్టింది.

"మేస్త్రీకి ఇచ్చే బొమ్మ ఎవడు గీసిండు?"

మహేశ్ మట్టపు దారం సర్దుకున్నాడు. "లింగంపల్లిల ఒకాయన."

"ఎప్పుడు?"

"ముగ్గు పోసిన వారమేనన్నా."

గోడ కంటే ఆ మాటే బరువుగా తగిలింది. టేపు కొస పట్టుకుని నవ్విన మనిషి, అదే వారం ఇంకో దుకాణం మెట్లెక్కాడు. ఈ ఇంట్లో గోడలు ఆరి కిటికీకి రంగు వేసేదాకా ఓపికగా చూశాడు.

"ఆఫీసుల ఫిర్యాదు ఇస్త," అన్నాడు నర్సింహ.

"ఇయ్యన్నా. వాళ్లు నా గోడ కాడనే ఆగుతరా? ఈ గల్లీల ఇండ్లన్నీ నీ గీతలే," అన్నాడు మహేశ్. బెదిరింపులా కాదు, పెద్దవాడి క్షేమం అడిగినట్టుగా.

నర్సింహ ఫోన్లో ఫిర్యాదు రాశాడు, కొట్టేశాడు, మళ్లీ రాశాడు. అది ఎక్కడికీ పోలేదు. టీ కొట్టు దగ్గర మాత్రం, తను కన్నెర్ర చేస్తే ఆ గోడ దానంతటదే కూలుతుందని చెప్పాడు. ఎప్పుడూ నవ్వేవాళ్లు ఆరోజు నవ్వలేదు, టీ గ్లాసుల్లోకి చూశారు.

ఆదివారం అతను ఇంటికొచ్చేసరికి లచ్చమ్మ పొయ్యి తెచ్చి రోడ్డు వైపు వరండాలో పెట్టింది. కిటికీ రెక్కలు మూసేసి ఉన్నాయి.

"ఇక్కడేందే? అందరు జూస్తరు."

"చూడనీ. ఫిర్యాదు ఇచ్చినవా?"

నర్సింహకు చెప్పులు విడవడానికే చాలాసేపు పట్టింది. "చూస్తున్న. టైం జూసి ఇయ్యాలె."

"వాడు నిన్ను మోసం జేసిండు, సరే," అంది లచ్చమ్మ. ఉల్లిగడ్డ తరుగుతూ తల ఎత్తలేదు. "నన్ను జేస్తున్నదెవరు?"

వరంగల్ కోట తనే కట్టించానని చెప్పగలిగిన మనిషి, విడిచిన చెప్పులను గోడవారగా సర్దాడు. పక్కన మహేశ్ మనుషులు స్లాబు కోసం పలకలు ఎక్కిస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"సిలిండర్ లోపల్నే ఉంది," అంది ఆమె. "పట్టుకరా."

అతను లోపలికి వెళ్లి, చీకటి పడ్డ వంటింట్లోంచి సిలిండర్ దొర్లించుకుంటూ తెచ్చాడు.