గాలి చెప్పేవాడు

సరిహద్దు పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. నవంబరు నెల. ఆరు గంటలు ఎక్కాం. వీపు మీద ఇరవై రెండు కిలోలు: నిద్రసంచి, రేషను, తెల్లకోటు, దుర్భిణిలాంటి స్పాటింగ్ స్కోపు, దూరం కొలిచే లేజరు పరికరం. దాని బ్యాటరీ చలికి చచ్చిపోకుండా చంకలో పెట్టుకోవాలి. పోస్టంటే రాళ్ళు పేర్చి రేకు కప్పిన రెండు బంకర్లు, పదకొండు మంది. ఎదురుగా లోయ. లోయ అవతల శత్రువుల పోస్టు. నిడదవోలులో రైలెక్కినప్పుడు చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. ఇక్కడ ఊపిరి మీసం మీదే గడ్డకట్టింది.

నాది స్పాటర్ పని. షూటర్ పక్కన పడుకుని దూరం, గాలి చెప్పాలి. దూరం వెళ్ళే తూటాను గాలి పక్కకు నెడుతుంది. ఎటు, ఎంత అన్నది నేను చెప్తే ఆ మేరకు ఆయన గురి జరుపుతాడు. షూటర్ హవల్దారు, తణుకు వైపు మనిషి, నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. మాది గోదావరి మీద పడవలు నడిపే కుటుంబమని చెప్పాను. అయితే నీకు గాలి గురించి నేర్పక్కర్లేదన్నాడు. ఆ మాట నాకు భలే నచ్చింది. అదే కొంప ముంచింది.

ఆ చలికాలం మా కబుర్లన్నీ ఒక తూటా గురించే. ట్రైనింగులో ఆయనకు వీడియో చూపించారట. లేజరు వెలుగు ఎక్కడ పడితే అక్కడికి, గాల్లోనే దారి సరిచేసుకుంటూ పోయే తూటా. "అది వచ్చిందంటే నీకు పనుండదురా," అని నన్ను ఆటపట్టించేవాడు. మా వంటవాడు ఒడిశా సరిహద్దు మనిషి, తెలుగు వచ్చు. ఆ తూటా ఊట నుంచి నీళ్ళు కూడా తెచ్చిపెడుతుందా అని అడిగేవాడు.

నీళ్ళే మా కష్టం. ఊట రెండు వందల మీటర్ల కింద ఉంది. ఆ దారి అవతలి షూటర్‌కు కనిపిస్తుంది. జనవరిలో వరసగా రెండు రోజులు నీళ్ళకు వెళ్ళినవాళ్ళ మీద కాల్చాడు. వాడిని ఆపమని మా పోస్టు పెద్ద సుబేదారు గారు మా ఇద్దరికీ ఆర్డరిచ్చారు.

మూడో రోజు ఉదయం ఏడూ పది. మంచు విడిపోయింది. మేం కాపున్నామన్న ధైర్యంతో వంటవాడు క్యాను తీసుకుని ఊటకు దిగాడు. అవతల రాతి సందులో టోపీ కనిపించింది. ఎనిమిది వందల అరవై మీటర్లు.

"గాలి?" అన్నాడు షూటర్.

నా కుడి చెంపకు సన్నగా తగిలింది. మా ఊళ్ళో చెంపకు తగిలిన గాలే ఏటి అవతలి ఒడ్డుదాకా ఉంటుంది. నాన్న తెరచాప ఆ లెక్కనే తిప్పేవాడు. "కుడి నుంచండి. తక్కువే," అన్నాను. లోయ మధ్యలో గాలి వేరేగా ఉంటుందని, స్కోపులో గడ్డి చూసి చెప్పాలని కోర్సులో నేర్పారు. నేను చూడలేదు. ఆయనా రెండోసారి అడగలేదు. ఇద్దరం పల్లపు నేల మనుషులమే.

తూటా వాడి తలకు జానెడు కుడిగా రాయిని కొట్టింది. టోపీ మాయమైంది. రెండు నిమిషాలకు ఇంకో సందులోంచి వాడు కాల్చాడు. రేడియోలో సుబేదారు గారి గొంతు: "మనిషి పడ్డాడు. ఎవరూ దిగొద్దు." చీకటి పడ్డాకే వంటవాడి శవాన్ని పైకి తేగలిగారు.

ఎలా తప్పిందని మర్నాడు విచారించారు. "ట్రిగ్గరు లాగింది నేను. తప్పు నాదేనని రాసుకోండి," అన్నాడు షూటర్. పక్కనే నిలబడి నేను నోరు విప్పలేదు. ఆయన్ని రైఫిలు నుంచి తప్పించి స్టోర్సులో వేశారు. మే నెలలో నేను కిందికి దిగాను.

ఇప్పుడు రాజమహేంద్రవరంలో ఒక కాలేజీ గేటు దగ్గర సెక్యూరిటీ పని. మొన్న ఫిజిక్సు లెక్చరర్ గారు ఫోనులో అలాంటి తూటా వీడియోనే చూపించి, సిపాయిలకు ఇది పనికొస్తుందా అని అడిగారు. తెలిసింది చెప్పాను. తగిలేదాకా గురి మీద పట్టిన లేజరు వెలుగు కదలకూడదు. పొగమంచులో వెలుగు చెదురుతుంది. చలికి బ్యాటరీలు ఆగవు. మామూలు తూటా గిర్రున తిరుగుతూ పోతుంది, వీడియోలోది రెక్కలతో తిరక్కుండా పోవాలి, దానికి తుపాకీయే వేరే కావాలి.

"అయితే పనికిరాదంటారు," అన్నారాయన.

అవునందామనుకున్నాను. కానీ ఆ ఉదయం పొగమంచు లేదు. బ్యాటరీ నా చంకలో వెచ్చగా ఉంది. నా చెయ్యి వణకలేదు.

"ఒక్క రోజు పనికొచ్చేదండి. ఆ రోజు గాలి తప్పు చెప్పింది నేను," అన్నాను. పదకొండేళ్ళలో ఆ మాట బయటికి అనడం అదే మొదలు. ఆయనకేం అర్థమైందో, ఫోను జేబులో పెట్టుకుని క్లాసుకు వెళ్ళిపోయారు. వినాల్సిన మనిషి తణుకులో ఉన్నాడు. బస్సులో గంటన్నర. సిగ్గుతో ఇంతవరకూ వెళ్ళలేదు.

ఆ రోజు వంటవాడు పడ్డాక స్కోపు అటు తిప్పాను. అతని పక్కన రాయి మీద క్యాను నిలబడే ఉంది. తూటా దానికీ తగిలింది. చిల్లులోంచి నీళ్ళు సన్నటి ధారగా కారుతున్నాయి. ఆ ధార తిన్నగా పడటం లేదు. ఎడమ నుంచి వీచే గాలికి కుడివైపు వంగిపోతోంది. క్యాను ఖాళీ అయ్యేదాకా అలాగే వంగి ఉంది.