గొర్రెల మందకు అగ్రిమెంటు

అగ్రిమెంటు అంటే ఒప్పందం అని డిక్షనరీలో ఉంది. ఇద్దరు ఒక మాట మీదికి రావడమట. మార్కాపురంలో దస్తావేజులు రాసే ఆఫీసులో ఆరు నెలలు టైపు కొట్టిన నాకు దాని వాడకం వేరేగా తెలిసింది. ఒక మాట మీద ఉన్నవాళ్ళెవరూ మా మెట్లు ఎక్కలేదు. అప్పటికే ఒకరి మొహం ఒకరు చూసుకోని అన్నదమ్ములు వచ్చి, చెరో బెంచీ మీద కూర్చునేవాళ్ళు. ఇంత తెలిసీ నేను ఆ పని చేశాను.

అర్ధవీడు దగ్గర మాకు కాస్త మెట్టపొలం ఉంది. ఏటా కోతలయ్యాక గొర్రెలు కాసే ఒక మామ మా చేలో మంద ఆపుతాడు. గొర్రెలు రాత్రుళ్ళు అక్కడే పడుకుంటాయి, వాటి పెంట చేనుకు ఎరువు. బదులుగా నాయన జొన్నలిస్తాడు. చుట్టరికమేమీ లేదు. ఆయన నాయనను బావా అంటాడు, నన్ను అల్లుడా అంటాడు, అంతే. ఒప్పందమంటారా, మామ వచ్చి చేలో తన కర్ర గుచ్చి, మా ఇంట్లో సంగటి తిని పోతాడు. కర్ర గుచ్చాక ఇంకెవరు పిలిచినా మంద అటు పోదు.

ఆ ఏడు నేను రెండు పేజీలు టైపు చేసుకొచ్చాను. నాయన గిద్దలూరు పోయిన రోజు చూసి, అరుగు మీద నలుగురి ముందు మామకు చదివి వినిపించాను. పది రాత్రులు మంద ఆపాలి. గొర్రెలు పక్క చేలో పడితే నష్టం సెకండ్ పార్టీదే.

“ఈ సెకండ్ పార్టీ ఎవురు అల్లుడా?”

“నువ్వే మామా.”

“మంచిది. గొర్రెలు ఏ పార్టీ?”

అందరూ నవ్వారు. చట్టం నవ్వదు కాబట్టి నేను నవ్వలేదు.

“మీ నాయన రాయమన్నాడా?”

“నాయనకు ఇయ్యన్నీ తెలీవు మామా. రేపు మాట తేడా వస్తే ఎట్ల?”

“ఎవురికి వచ్చింది తేడా?”

నేను ఇంకుప్యాడు ముందుకు జరిపాను. మామ వేలిముద్ర వేశాడు. సంగటికి ఆగలేదు.

అంతకుముందు ఏళ్ళలో మామ, చేలో కింది ముక్కలో చౌడుందని, అడక్కుండానే రెండు రాత్రులు ఎక్కువ ఆపేవాడు. ఈసారి పదకొండో రోజు పొద్దున చేను ఖాళీ.

“ఏంది, చెప్పకుండా పోయినాడే?” అన్నాడు నాయన.

నేను కాగితం తెచ్చి చదివాను. మెచ్చుకుంటాడనే అనుకున్నాను. చివరిదాకా విన్నాడు.

“ఇన్నేండ్లలో ఆయప్ప ఒక్క గొర్రెను పక్క చేలో పడనియ్యలేదు. నువ్వు పడితే అని రాసినావు.”

అంతే అన్నాడు. తిట్టి ఉంటే ఏదో జోకేసి తప్పించుకునేవాణ్ణి.

మరుసటి ఏడు కోతలయ్యాయి, మామ రాలేదు. “నువ్వే పోయి పిలుచుకోనిరా” అన్నాడు నాయన. వాగు గట్టున కనిపించాడు. నన్ను చూసి లేచి, కూర్చోమని తన గొంగడి పరిచాడు.

“తప్పయింది మామా. ఈ ఏడు మా చేలోకి రా.”

“వస్తా. కాయితం తెచ్చినారా?”

అల్లుడా అనకుండా నాతో అట్లా ‘మీరు’ అన్నట్టు మాట్లాడటం అదే మొదటిసారి. ఎగతాళేమోనని మొహంలోకి చూశాను. కాదు. బొటనవేలు పంచెకు తుడుచుకుంటున్నాడు.

“కాయితమేం వద్దు మామా.”

“ఉండనీలే, మళ్ళా తేడా అంటారు. పోయి రాసుకోని రాండి. అంతలో గొర్రెలకు నీళ్ళు చూపిచ్చుకోనొస్తా.”