ముందు వరస వారం

మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. కర్ణాటకలో పోతనాళ దగ్గర, కాలవ కింద మాలాంటి వలస రైతులు కట్టుకున్న క్యాంపులో తాతల నాటి నుంచీ వరి పండిస్తున్నాం. నేను ఎనిమిదో తరగతి దాటలేదు. అయినా కోత మిషను ఎంత కోసిందో తేల్చాల్సి వచ్చినప్పుడు చుట్టుపక్కల రైతులు నన్నే పిలుస్తారు. గట్టు వెంట అడుగులు వేసి, వంకర మడిని మనసులో ముక్కలు చేసుకుని, ఇన్ని ఎకరాల ఇన్ని గుంటలు అని చెబుతాను. తర్వాత గొలుసు వేసి కొలిచినా గుంటకు మించి తేడా వచ్చింది లేదు. అలాంటివాణ్ణి నా ఇంట్లో లెక్కనే దాదాపు ఏడాది పాటు తప్పుగా చదివాను.

మా అమ్మాయి అప్పుడు నాలుగో తరగతి, కన్నడ బడి. రోజూ పొద్దున టీచరమ్మ పది నోటి లెక్కలు చెప్పేవారు. పిల్లలు జవాబులు మాత్రం నోటుబుక్కులో రాయాలి. మా అమ్మాయికి పదికి మూడు వచ్చేవి, నాలుగు వచ్చేవి. క్యాంపు పిల్ల తరగతిలో నోరు మెదపకపోతే మా దగ్గర ఒకటే కారణం చెబుతారు, కన్నడ రాలేదని. చిన్నప్పుడు నేనూ ఆ మాట పడ్డవాణ్ణే. అందుకని టీచరమ్మ అదే మాట అన్నప్పుడు ఇంకేమీ ఆలోచించలేదు.

ఆమె రాయచూరు పక్క పల్లె మనిషి. మాతో తెలుగులోనే మాట్లాడతారు. "ఇంట్ల మొత్తం తెలుగే గదన్నా, ఇంకెట్ల ఎక్కుతది కన్నడ?" అన్నారు.

ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాం. భీమవరం దగ్గర మా ఆవిడ అక్క ఉంది. జూన్‌లో పిల్లను అక్కడికి పంపి తెలుగు బడిలో వేద్దామనుకున్నాం. ఆ సంగతి విన్న రోజు పిల్ల ఏడవలేదు. మర్నాడు మాత్రం తన రేకుపెట్టె తీసి, ఏవి పట్టుకెళ్లాలో ఏవి వదిలెయ్యాలో రెండు కుప్పలుగా వేసుకుంది.

జూన్‌కి ఇంకా నాలుగు నెలలుంది. ఈలోపు కన్నడ అంకెలు నేనే నేర్పిస్తే వెళ్లే పని తప్పుతుందేమోనని సాయంత్రాలు ఎదురుగా కూర్చోబెట్టుకుని కన్నడలో లెక్కలు అడగడం మొదలుపెట్టాను. అన్నీ టకటకా చెప్పేది. ఆ వారం బళ్లో ఆరు వచ్చాయి, పై వారం తొమ్మిది. నేను చెప్పిన చదువే పనిచేసిందని సంబరపడ్డాను. ఆ తర్వాతి వారం మళ్లీ మూడు. కోప్పడ్డాను. మా అమ్మ మంచం మీద నుంచే అందుకుంది: "లెక్కల్లో నీ పోలిక రాలేదురా. పరాకులో మాత్రం అచ్చం మీ నాన్నే."

కోపం తగ్గాక నోటుబుక్కు మొదటి పేజీ నుంచీ మార్కులన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకున్నాను. వారానికి ఒక గీత గీశాను. మూడు, నాలుగు, ఆరు, తొమ్మిది. మళ్లీ మూడు, నాలుగు, ఆరు, తొమ్మిది. ఒకటీ అరా తేడా తప్ప ప్రతి నాలుగు వారాలకూ అదే వరస. నేను నేర్పకముందూ అంతే, నేర్పాకా అంతే. పరాకైతే ఇంత క్రమంగా రాదు.

తొమ్మిది వచ్చిన వారాల్లో ఏం జరిగిందని పిల్లను అడిగాను. "అది ముందు వరస వారం నాన్నా," అంది. ఎవరూ ఎప్పుడూ వెనకే ఉండిపోకూడదని టీచరమ్మ ఒక పద్ధతి పెట్టారట. ప్రతి సోమవారం ముందు వరస వెనక్కి పోతుంది, మిగతా మూడు వరసలూ ఒక్కొక్కటి ముందుకు జరుగుతాయి.

"ముందు కూర్చుంటే కన్నడ వచ్చేస్తదా?"

"ముందు కూర్చుంటే మేడం నోరు కనపడుద్ది."

మర్నాడు పిల్ల ముగ్గు వేస్తుంటే వెనక నిలబడి, తెలుగులోనే, మామూలు గొంతుతో ఏడెనిమిదులెంత అని అడిగాను. రెండడుగుల దూరంలో యాభై ఆరంది. నాలుగడుగుల దూరంలో ఏంటి నాన్నా అంది. ఆరడుగులకు ముగ్గు వేసుకుంటూనే ఉంది.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని బడికి వెళ్లాను. ఫిర్యాదు మోసుకొచ్చాననుకుంటారేమోనని బెదురు. టీచరమ్మ కాగితం అందుకున్నారు. తన రిజిస్టరు తెచ్చుకుని వారాలు సరిపోల్చుకున్నారు. తర్వాత అన్న మాట నేను మర్చిపోలేను.

"మార్కులేసింది నేనే అన్నా, సూడంది నేనే. బోర్డు మీద ఆ దినం పాఠం రాసుకుంట, మొహం సగం అటు పెట్టి లెక్కలు చెప్పుడు నా అలవాటు. ఇగ పిల్లల దిక్కు తిరిగి చెప్త. పాప ముందలనే కూసుంటది. భీమవరం సంగతి ఇప్పుడే తేల్చకుర్రి."

చెవుల పరీక్షకు రాయచూరు ఆసుపత్రికి వెళితే ఆమె కూడా మాతో వచ్చి కూర్చున్నారు. డాక్టరు పాప చెవులకు తొడుగులు పెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. డాక్టరు మీట నొక్కినా చెయ్యి లేవని సార్లు లెక్కపెట్టబోయి, పదకొండు దగ్గర మానేశాను. రెండు చెవులకూ వినికిడి తక్కువగా ఉందన్నారు. చెవి మిషను పెడితే మేలంటే అదీ పెట్టించాం. కానీ అది టీచరు గొంతుతో పాటు ఫ్యాను మోతనూ బెంచీల గోలనూ కూడా పెంచుతుందని, దగ్గర సీటు, ఎదురుగా మాట ఎప్పటికీ కావాలని విడమరిచి చెప్పారు.

బెంచీల గోల మాట నాకు పట్టుకుంది. నాలుగు వరసలు, వరసకు మూడు బెంచీలు, బెంచీకి నాలుగు కాళ్లు. పాత ట్రాక్టరు ట్యూబు కోసి నలభై ఎనిమిది ముక్కలు చేసి, ఒక ఆదివారం టీచరమ్మా నేనూ ఒక్కో కాలికీ తొడిగాం. మోకాళ్లు పట్టేసి లేవలేక ఆమె నవ్వారు. నా కృతజ్ఞత ఆమెకు నోటితో చెప్పలేదు. ఆ ముక్కలు అరిగినప్పుడల్లా కొత్తవి కోసుకుని వెళుతుంటాను.

జూన్‌లో మా ఆవిడ తన అక్కకు ఫోన్ చేసి పిల్ల రావడం లేదని చెప్పింది. సోమవారాలు వరసలు ఇప్పటికీ మారుతున్నాయి, మా అమ్మాయి తప్ప. తోటి పిల్లలు కుళ్లుకుని తనకు పర్మినెంటు అని పేరు పెట్టారట. రేకుపెట్టెలో ఇప్పుడు మా అమ్మ దుప్పట్లు పెట్టుకుంటోంది.

మొన్న వంటింటి గడపలో నిలబడి, వెనక నుంచి, అలవాటు కొద్దీ ఓ లెక్క అడిగాను. ఆరడుగులుంటుంది.

"వినపడింది," అంది మా అమ్మాయి, తల తిప్పకుండానే. "అయినా ఇటొచ్చి అడుగు నాన్నా."

వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.