ఓటడగడానికి వచ్చినవాడికి మా గల్లీ పోసిన చాయ్

తప్పు మీదే.

నాయకులు చెడిపోయారని రోజూ ఇక్కడ రాస్తారే... ఆ నాయకుడు మీ వీధికి వచ్చినప్పుడు శాలువా పట్టుకుని ముందు వరసలో నిలబడేది మీరే. ఒక్క ప్రశ్న అడగరు. అడగబోయినవాడిని "ఊరుకోవయ్యా, ఇంటికొచ్చిన పెద్దమనిషి" అని గుడ్లురుముతారు. కోపం వస్తోందా? రానివ్వండి. నాకు చిన్నప్పటి నుంచీ వస్తోంది.

మా చిన్నప్పుడు... డెబ్బైల చివర్లో, జహీరాబాద్‌లో మా గల్లీకి ఓట్ల జీపు వస్తోందంటే అందరికంటే ముందు బిందెలు కదిలేవి.

మా గల్లీ బావిలో నీళ్లు ఉప్పు. బట్టలకూ గిన్నెలకూ సరే... పప్పు ఉడకదు, చాయ్‌లో పాలు విరిగిపోతాయి. మంచినీళ్లు కావాలంటే బొంబాయి రోడ్డు దాటి చెరుకు తోటలోని బావి దాకా నడవాలి. తోట యజమాని మనసు బాగుంటే నీళ్లు, లేకపోతే తిట్లు.

నాకేమో సర్కారు అంటే ఎవరో తెలుసుకోవాలని ఒకటే కుతూహలం... ఒక్కొక్కరూ ఒక్కో జవాబు చెప్పేవారు. నానమ్మ బీదర్ వైపు నుంచి వచ్చిన మనిషి, నవాబుల కాలం చూసింది. "సర్కారంటే దండం పెట్టి దూరం జరగాలె" అనేది. కిరాణా దుకాణం నడిపే నాన్న "సర్కారంటే లైసెన్సు" అని నవ్వేవాడు. పక్కింటి రబియా ఖాలా... ఖాలా అంటే పిన్ని... కుట్టుమిషను తొక్కుతూ, "మన గల్లీకి తొవ్వ తెల్వనోడు బిడ్డా, సర్కారంటే" అనేది.

"మరి వాళ్లొచ్చినప్పుడు నీళ్ల సంగతి ఎందుకు చెప్పరు?" అంటే నానమ్మ కసురుకునేది. ఇంటికొచ్చినవాడి ముందు మన బాధలు వెళ్లబోసుకోవడం పరువు తక్కువట!

అందుకే నాయకుడొస్తున్నాడంటే తోట బావి నీళ్లు తెప్పించేవారు. తెచ్చేది ఖాలా కూతురు నసీం... నా ఈడుదే, నా తరగతే. ఆ నీళ్లతో నానమ్మ యాలకుల చాయ్ కాచి, అటక మీది పూల కప్పులూ, వాటి కింది బశీలూ దించేది. ఆయన బశీలో పోసుకుని జుర్రుకుని, "బహుత్ బఢియా చాయ్! ఇగ మీ గల్లీకి ఏం తక్కువున్నదమ్మా?" అని లేచి పోయేవాడు. మనుషులు మారారు, జెండాలు మారాయి... ఆ మాట మాత్రం అదే. మావాళ్లు మురిసిపోయేవారు.

ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. తోట బావి అడుగంటింది. పొద్దున్నే బిందెతో వెళ్లిన నసీం మధ్యాహ్నానికి గానీ తిరిగి వచ్చేది కాదు. బడి మానేసింది. ఇలాగైతే పేరు కొట్టేస్తామని పంతులమ్మ కబురు పెట్టింది.

సరిగ్గా అప్పుడే మైకు కట్టిన జీపు వచ్చింది. మర్నాడు నాయకుడు వస్తున్నాడు. నానమ్మ ఎప్పటిలాగే గోడ మీంచి కేకేసింది.

"రబియా... నసీంను జర తోట బాయికి పంపు. రేపు లీడర్ సాబ్ వస్తున్నడట."

"పంపనమ్మా."

"ఏందే?"

"పంప. మన బాయి నీళ్లతోనే చాయ్ పెట్టున్రి. పాలు విరిగితే విరగనియ్యి."

"అయ్యో దేవరే! ఇంటికొచ్చినోనికి విరిగిన చాయ్ పోస్తమా? గల్లీ ఇజ్జత్ ఏం గావాలె?"

"ఇజ్జతా? మీ మనవరాలు బడికి పోతది. నా బిడ్డ మీ మెహమాన్ చాయ్‌కి నీళ్లు మోస్తది. మన నీళ్లు మంచిగున్నయని ఆయనకు చెప్పిందెవరమ్మా... మనమే గద!"

నానమ్మ గోడ దగ్గర్నుంచి లోపలికి వచ్చేసింది. ఆ సాయంత్రం ఉండబట్టలేక, "రేపు ఏ చాయ్ నానమ్మా?" అన్నాను. "నోర్ముయ్" అంది.

తెల్లారి చూద్దును గదా... నానమ్మ మా గల్లీ బావిలోనే చేద వేస్తోంది!

అవే పూల కప్పులు, అదే యాలకుల వాసన. లోపల మాత్రం పాలు తునకలు తునకలుగా తేలుతున్నాయి. నాయకుడు ఒక గుటక వేసి ముఖం వికారంగా పెట్టాడు. వెంట వచ్చినవాడొకడు లేచాడు. "ఏందమ్మా, మజాకా? సాబ్‌కు గీ చాయ్ ఇస్తరా?"

"మజాక్ గాదు నాయనా" అంది నానమ్మ, కొంగు సర్దుకుంటూ. "ఇన్ని దినాలు యాడాడి నీళ్లో తెచ్చి పోసినం. ఇయ్యాల మేం తాగేవే పోసినం."

"సరే సరే... చూద్దాం లేమ్మా" అన్నాడు నాయకుడు.

గుమ్మంలోంచి ఖాలా అందుకుంది. "ఇంక సూసుడేంది సాబ్, తాగిన్రు గద! నల్లా ఎప్పుడొస్తదో దినం చెప్పి లేవున్రి."

గల్లీ అంతా ఘొల్లున నవ్వింది. ఆయనకూ నవ్వక తప్పలేదు.

నల్లా వెంటనే రాలేదు లెండి. నానమ్మా ఖాలా కలిసి సర్కారు ఆఫీసు చుట్టూ తిరిగారు... ఒకావిడ కన్నడం కలిపి, ఒకావిడ ఉర్దూ కలిపి దబాయిస్తుంటే అక్కడి గుమాస్తా వీళ్లను చూడగానే కుర్చీ వదిలేవాడట. మళ్లీ వానాకాలానికి గల్లీ మొదట్లో మంచినీళ్ల నల్లా పడింది. నసీం బడికొచ్చింది... కానీ నా పక్కకు కాదు. నేను పై తరగతికి వెళ్లిపోయాను, తను కింది తరగతిలోనే ఉండిపోయింది.

ఆ ఏడాదిని తన దగ్గర్నుంచి లాక్కున్నది సర్కారు ఒక్కటేనా... మా మర్యాద కూడానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

పాత రోజులే బంగారం అని నేననను. దాహానికి బంగారమేమిటి! కానీ నాయకుణ్ణి నిలబెట్టి అడిగే ఆ గొంతులు ఏమయ్యాయి? ఎప్పుడు, ఎందుకు తగ్గిపోయాయి?

అందుకే నా డిమాండ్లు. నాయకులకు కాదు, మీకు.

వార్డు సభకు వెళ్లండి. వెళ్లి నోరు విప్పండి.

ఏ పని అయినా ఏ రోజుకు పూర్తవుతుందో చెప్పించుకోండి.

ప్రశ్నించిన మనిషిది ఏ మతమో, ఏ కులమో, ఏ భాషో చూడకుండా పక్కన నిలబడండి.

మీ చిన్నప్పుడు మీ వాడకట్టులో ఎవరు, ఎవరిని, ఏం నిలదీశారో కింద రాయండి.

బడి మానేసిన పిల్ల మీ వీధిలో ఉంటే, ఎందుకు మానేసిందో ఈ వారమే వెళ్లి కనుక్కోండి.