కాలి కొలత

అమీర్‌పేట లేడీస్ హాస్టల్లో కంప్యూటర్ కోర్సుల అమ్మాయిలు మూడు నెలలకోసారి మారిపోతుంటారు. కిటికీ పక్క మంచం మీద ఉదయలక్ష్మి మాత్రం పదకొండేళ్లుగా ఉంది. అందరికీ ఆంటీ, ఎవరికీ పేరు తెలియదు. ఆవిడ పంజాగుట్టలో ఒక పరిశోధన కేంద్రంలో టెక్నీషియన్. మగవాళ్లకూ ఆడవాళ్లకూ చేతుల్లో, కాళ్లలో రక్తనాళాలు ఎలా విప్పారుతాయో పోల్చి చూస్తారక్కడ. ఆవిడ బీపీ చూసేటప్పటిలా గాలి పట్టీ బిగించి, ఐదు నిమిషాలాగి వదిలి, స్క్రీన్ మీద కొలుస్తుంది. అంతసేపూ గదిలో మాటలుండకూడదు. మగవాళ్లు వస్తూనే కాలు చాపేస్తారు. ఆడవాళ్లు ముందు చీర సర్దుకుంటారు.

ఆ రోజు బోరబండ నుంచి భూలక్ష్మి అనే ముసలామె వచ్చింది. ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, పట్టీ కట్టడానికి ఉదయలక్ష్మి వంగి పాదం పట్టుకోగానే, దండం పెడుతోందనుకుందేమో, ముసలామె లేచి ఆవిడ తల నిమిరి, "సల్లగుండు బిడ్డా," అంది.

"మాట్లాడకూడదమ్మా, కొలత పాడవుతుంది," అంటూ ఉదయలక్ష్మి ఆమెను మళ్లీ పడుకోబెట్టింది.

ముసలామె ఇక నోరు మెదపలేదు. కొలత చక్కగా వచ్చింది.

"అయిపాయెనా బిడ్డా?"

ఉదయలక్ష్మి పట్టీ విప్పి పక్కన పెట్టబోయి, మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"లేదమ్మా, ఇంకోసారి తియ్యాలి. ఈసారి మాట్లాడినా ఫరవాలేదు," అంటూ వంగి ఆ పాదం పట్టుకుంది.