కుదరదన్న పైలట్‌కు నేను వేసిన శిక్ష

వందమందికి పైగా ఉన్న విమానాన్ని, దిగడానికి దారి ఉండగానే, కావాలని ఆకాశంలో తిప్పించాను. నా మాటకు దాని పైలట్ కుదరదన్నాడని. పొరపాటు కాదు. తెలిసే చేశాను.

తొంభైల నడుమ నేను ఢిల్లీ విమానాశ్రయంలో కంట్రోలర్‌ని. దిగబోయే విమానాలను రాడార్ తెర మీద చూస్తూ ఒకదాని వెనక ఒకటి వరుసలో పెట్టడం నా పని. చదివింది పదో తరగతి. అక్కడే టెలిప్రింటర్ మీద సందేశాలు కొట్టే పనిలో చేరి, ఆర్.కె. పురం బస్సులో నిఘంటువు ఒళ్లో పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకుని, పరీక్షలు రాసి ఆ కుర్చీ దాకా వచ్చాను. అందుకే కాబోలు, ఎవరైనా దొరల ఇంగ్లీషులో కాదంటే ఒళ్లు మండేది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. మేం చెప్పింది చేయలేకపోతే పైలట్ ‘అనేబుల్’ అంటాడు. కుదరదని. అప్పుడు మేం మరో దారి చూపాలి. అది ధిక్కారం కాదు. కిటికీలోంచి ఆకాశాన్ని చూస్తున్నవాడు అతను, నేను కాదు. నా తెర మీద మేఘం సరిగా కనబడేదే కాదు. పరీక్షలో ఈ జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే!

ఆ వేసవి మధ్యాహ్నం పడమటి నుంచి ఆంధీ, అదే దుమ్ము తుఫాను, లేచింది. ఒక విమానాన్ని ఎడమకు తిరగమన్నాను.

“అనేబుల్, సర్. అటు పెద్ద మేఘం. కుడివైపు ఇవ్వండి.”

కుడివైపు ఖాళీగానే ఉంది. పక్క కుర్చీలోని సహోద్యోగి నవ్వాడు.

“క్యా మాస్టర్‌జీ! అంత డిక్షనరీ మింగినా కెప్టెన్ సాబ్ నీ మాట వినలేదా?”

“వినేలా చేస్తా చూడు.”

“అరే, జానే దో యార్. కుడివైపు ఇచ్చేయ్.”

ఇవ్వలేదు. ఉన్నచోటే చుట్లు తిరుగుతూ ఉండమన్నాను. అతని వెనక వచ్చిన మూడింటిని ఆ కుడివైపు నుంచే దింపాను. అతను రెండుసార్లు అడిగాడు, మర్యాదగానే. రెండుసార్లూ ‘స్టాండ్ బై’ అన్నాను, ఆగమని. మూడోసారి అడగలేదు. ఇంకా తిరగడానికి ఇంధనం చాలదు, జైపూర్ వెళ్తున్నానన్నాడు. అక్కడ క్షేమంగా దిగాడని ఫోన్ వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు.

అతను ఫిర్యాదు చేశాడు. ఆ కాగితం ఆఫీసు బల్లలన్నీ తిరిగి నన్ను చేరేసరికి, మా మాటలు రికార్డయిన టేపును ఎప్పటిలాగే చెరిపి మళ్లీ వాడేశారు. ఆ సంగతి తెలిసే, ‘వాతావరణం వల్ల రద్దీ’ అని జవాబు రాశాను. తప్పుల్లేని ఇంగ్లీషులో. మా అధికారి “ఠీక్ హై” అని సంతకం పెట్టాడు. మరి వెనకొచ్చిన మూడూ ఎలా దిగాయయ్యా అని ఒక్కడు అడిగితే ఒట్టు! అది తలచుకుంటే ఇప్పటికీ కోపమొస్తుంది. అడగనివాళ్ల మీద కోపగించుకునే మొహమా నాది? ఆధారం లేని ఫిర్యాదు చేశాడని అతనికి తన కంపెనీలో మందలింపు పడింది. నాకు ఏమీ కాలేదు.

ఉద్యోగం విరమించిన చాలా ఏళ్లకు, అతను ఢిల్లీలోనే, ద్వారకలో ఉంటున్నాడని తెలిసి జరిగిందంతా ఒప్పుకుంటూ ఉత్తరం రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. ఆనాటి పక్క కుర్చీ సహోద్యోగికి చెబితే ఫోన్‌లో విసుక్కున్నాడు.

“ఛోడో మాస్టర్‌జీ! ఎవరూ చావలేదు కదా?”

ఎవరైనా చస్తేనే తప్పా? ఫోన్ పెట్టేసి మూడోది రాశాను. దానికి జవాబొచ్చింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో పెడుతున్నాను:

“మీరు కావాలనే తిప్పించారని నాకు ఆ రోజే తెలుసు. మందలింపు సంగతి ఎప్పుడో మర్చిపోయాను. కానీ ఆ తర్వాత రెండుసార్లు, అనేబుల్ అనాల్సిన చోట, మళ్లీ తిప్పిస్తారేమోనని అనకుండా మేఘంలోకే వెళ్లాను. నా వెనక కూర్చున్నవాళ్లకు అది తెలియదు. మీకైనా తెలియాలి.”