ఓడకు పంపిన కబురు

ఇవాళ బ్యాంకులో ఫ్యాక్స్ మెషీన్ కీచుమంటూ కూసింది. ఒక్కసారిగా సీలేరు ప్రాజెక్టు కాలనీలో మా క్వార్టర్స్ ముందుగది కళ్ల ముందుకొచ్చింది. కాలనీ నేస్తాలూ, ఫోన్ లైనుకు మోడెం తగిలించి నెట్ కలిపేటప్పుడు వచ్చే ఆ కూత గుర్తుందా?

మా అమ్మ తమ్ముడు సరుకు ఓడలో పనిచేసేవాడు. ఆయన సముద్రం మీద ఉండగా, పుట్టింటివాళ్లు లేని అత్తయ్య పురిటికి మా ఇంటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఓడకు కబురు చేరాలంటే ఈమెయిల్ ఒక్కటే దారి. ఆఫీసులో మూలన పడేసిన పాత కంప్యూటరును నాన్న అడిగి తెచ్చాడు.

నెట్ అలా కలిసిందో లేదో అమ్మ వచ్చి ఫోన్ ఎత్తింది. లైను తెగిపోయింది.

"ఏటే, కాసేపు ముట్టుకోకు!" అని నాన్న అరిచాడు.

"ఏటో కూత్తంటే ఫోనేమోనని ఎత్తాను" అంది అమ్మ.

వానకు లైను పోతూ వస్తూ, సాయంత్రానికి కబురు వెళ్లింది. ఆ తర్వాత నాన్న నెట్ కలిపినప్పుడల్లా అత్తయ్య పాపను ఒళ్లో వేసుకుని పక్కనే కూర్చునేది. చాలా రోజులు జవాబు రాలేదు. రోజురోజుకూ ఆమె మాట తగ్గిపోయింది.

చివరికి ఒకరోజు తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కనిపించింది. నాన్న పైకి చదివాడు: "పాపది ఎవరి పోలిక?"

అత్తయ్య ఏడ్చేసింది. "ఆయన పోలికేనని రాసీండి అన్నయ్యా, బేగి! మల్లీ లైను పోతాది."

నాన్న ఒంటివేలితో టైపు కొడుతుంటే, ఆమె పాప ముఖాన్ని తెరవైపు తిప్పింది.

"ఇదిగో సూడే గుంటా, మీ నాన్న నీకోసం అడుగుతున్నాడు."